లొరెట్టా లిన్ ఊళ్లు: బుచర్ హాలర్ నుంచి హరికేన్ మిల్స్ దాకా, నాన్నతో

నాన్న ఇల్లందులో, ఆ తర్వాత కొత్తగూడెంలో ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. మొన్న మే నెలలో అమ్మానాన్నలు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి మా ఇంటికి వచ్చినప్పుడు, అందరం చేసినట్టే నయాగరా చూపించి తెచ్చాం. నీళ్లు బాగానే పడుతున్నాయన్నాడు. రెండు రోజులాగి, "ఈ దేశంలో బొగ్గుబాయిలు లేవా బిడ్డా?" అని అడిగాడు.

ఉన్నాయి. మా ఇంటి నుంచి రూట్ 23 పట్టుకుని దక్షిణానికి మూడు గంటలు పోతే తూర్పు కెంటకీ వస్తుంది. అమెరికా పల్లెపాటల నుంచి వచ్చిన కంట్రీ మ్యూజిక్‌లో పెద్ద పేరు లొరెట్టా లిన్ పుట్టింది అక్కడే, బుచర్ హాలర్ అనే చోట. ఆవిడ తండ్రిదీ బొగ్గుబాయి పనే. ఆ సంగతి మీదే 1970లో 'కోల్ మైనర్స్ డాటర్' (బొగ్గుబాయి కార్మికుడి కూతురు) అని పాట కట్టి, దాన్నే తన పేరు చేసుకుంది. ఆ పాట నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. అందులో ఉపమానాలూ వర్ణనలూ పెద్దగా ఉండవు, ఇంటి లెక్కలు ఉంటాయి. ఎండాకాలం పిల్లలకు చెప్పుల్లేవు, చలికాలం వస్తే పందిని అమ్మిన డబ్బుతో పోస్టులో కొత్త బూట్లు వచ్చేవి, అమ్మ బట్టలు ఉతికీ ఉతికీ వేళ్లు పగిలేవి, ఇలా. మా ఆయనకి లీవు దొరకలేదు, పిల్లల్ని చూసుకుంటానని అమ్మ ఉండిపోయింది. లాంగ్ వీకెండ్‌కి నేనూ నాన్నా బయల్దేరాం.

శుక్రవారం, పెయింట్స్‌విల్

రూట్ 23కి ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాయిల్లో మనుషుల బదులు మిషన్లు దిగేసరికి, ఈ కొండల్లోని కుటుంబాలు ఇదే రోడ్డు మీద కొలంబస్‌కీ డెట్రాయిట్‌కీ ఫ్యాక్టరీ పనులకు వలసపోయాయి. ఇప్పుడు కెంటకీలో ఈ రోడ్డుకి కంట్రీ మ్యూజిక్ హైవే అని పేరు. కౌంటీ (మన జిల్లా లాంటిది) మారినప్పుడల్లా అక్కడి గాయకుల పేర్లతో బోర్డు కనిపిస్తుంది. రికీ స్కాగ్స్, ప్యాటీ లవ్‌లెస్, డ్వైట్ యోకమ్, క్రిస్ స్టేపుల్టన్. ఒక్క రోడ్డు పక్కన ఇంతమందా అని ఆశ్చర్యమేసింది. "పని లేని చోట పాటలు ఎక్కువ పుడతయి," అన్నాడు నాన్న. పని ఉన్నప్పుడు సింగరేణిలో పుట్టిన పాటల సంగతేమిటని అడిగాను. "అవి జీతాల కోసం" అని కొట్టిపారేశాడు.

రాత్రి భోజనం ఊళ్లోనే ఓ చిన్న హోటల్లో. మెనూలో సూప్ బీన్స్ అండ్ కార్న్‌బ్రెడ్ అని చూసి ఆర్డర్ ఇవ్వబోతుంటే, వడ్డించే ఆవిడ మా వాలకం చూసి తనే ఆగింది. "హనీ, ఇందులో పంది ఎముక వేసి ఉడికిస్తాం, మీరు తింటారా?" అనడిగింది. నాన్న పంది తినడు. లోపలికి వెళ్లి వంటమనిషితో మాట్లాడి, ఎముక వేయకముందే తీసిపెట్టిన గింజలు కొన్ని ఉన్నాయంటూ వేడిచేసి తెచ్చింది. పింటో గింజలు మెత్తగా, చిక్కగా, ఉప్పు తప్ప ఇంకేమీ లేకుండా ఉడికి ఉన్నాయి. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పక్కన క్యాబేజీతో పెట్టిన తీపీ పులుపూ కలిసిన ఊరగాయ, ఇనప మూకుడులో కాల్చిన మొక్కజొన్న రొట్టె. పోపు పెట్టని పప్పు అనుకుంటే సరిపోతుంది. నాన్న జేబులోంచి కారప్పొడి పొట్లం తీశాడు. ఆవిడ కూడా చిటికెడు అడిగి రుచి చూసి, నీళ్లు తాగకుండా నిలబడటానికి చాలా కష్టపడింది. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది డాలర్లయింది, టిప్పు కాక.

శనివారం పొద్దున, వ్యాన్ లియర్

వ్యాన్ లియర్ ఊరంతా ఒకప్పుడు కన్సాలిడేషన్ కోల్ కంపెనీది. ఇళ్లూ కొట్లూ అన్నీ వాళ్లవే. కంపెనీ పాత ఆఫీసు బిల్డింగే ఇప్పుడు చిన్న మ్యూజియం. అక్కడ నాన్న గంట సేపు కదల్లేదు. టోపీ లైట్లు, తిండి డబ్బాలు, నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్లలు. బాయిలోకి దిగేటప్పుడు బిళ్ల ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం, మిగిలిన బిళ్లని బట్టి లోపల ఎవరున్నారో చూసుకోవడం. ఇదంతా నాన్నకి ఎవరూ వివరించక్కర్లేదు, తనే నాకు వివరించాడు.

స్క్రిప్ గురించి మాత్రం ఆయనకీ కొత్తే. కంపెనీ సొంతంగా అచ్చేసుకున్న నాణేలు. జీతానికి ముందు అడ్వాన్స్ కావాలంటే ఇవే ఇచ్చేవాళ్లు, కంపెనీ కొట్లోనే చెల్లేవి. "అంటే కష్టం మనది, డబ్బులు తిరిగి వాళ్ల గల్లాపెట్టెలోకే," అన్నాడు. అక్కడి పెద్దాయనకి ఈ మాట ఇంగ్లీషులో చెప్తే, నాన్న భుజం మీద చెయ్యి వేసి ఇంకో అల్మారా చూపించాడు. మాటలు కలవకపోయినా ఇద్దరూ వేళ్లతో, శబ్దాలతో చాలాసేపు మాట్లాడుకున్నారు. పైకప్పుని కర్రతో కొడితే గట్టి రాయి 'టంగ్' మంటుంది, వదులైంది 'డబ్' మంటుంది. ఆ రెండు చప్పుళ్లు నోటితో చేసి చూపించుకుని నవ్వుకున్నారు.

మిల్లర్స్ క్రీక్ రోడ్డు ఎక్కగానే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. రోడ్డు ఒక కారు పట్టేంత. ఎదురొచ్చిన ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్లు పైకెత్తుతున్నాడు, పలకరింపు అన్నమాట. నాన్న రెండో కారుకే నేర్చేసుకున్నాడు, నాలుగో కారుకి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఒక చీలిక దగ్గర కుడికి తిరిగితే దారి తిన్నగా ఎవరిదో పెరట్లోకి తీసుకెళ్లింది. ట్రాంపొలీను, రెండు పికప్ ట్రక్కులు, గొలుసుకి కట్టని కుక్క. బనీను మీదే బయటికొచ్చిన ఆయన మేమేమీ అడక్కముందే చెయ్యి చూపించాడు. "లొరెట్టా ఇల్లు కదా? వెనక్కెళ్లి ఎడమకి." రోజుకి ఎంతమంది వస్తారని అడిగితే, "ఆవిడ పోయినప్పుడు మాత్రం చాలామంది వచ్చారు" అన్నాడు.

వెబ్స్ గ్రోసరీ కూడా పాత కంపెనీ కొట్టే, అప్పట్లో నంబర్ 5 స్టోర్. లొరెట్టా వాళ్ల ఇంటిపేరు వెబ్, ఆ కుటుంబమే నడుపుతోంది. గోడలనిండా ఫోటోలు, కౌంటర్ మీద టీషర్టులు, ఫ్రిజ్‌లో కోలాలు. ఇల్లు చూడటానికి మనిషికి ఐదు డాలర్లు, క్యాష్ మాత్రమే.

ఇల్లు కొండవాలు మీద ఉంది. బయట చెక్క పలకలు, ముందు వరండా, ఊగే బల్ల. ఎనిమిది మంది పిల్లలున్న ఇల్లు. లోపల గదులు చిన్నవి, కిటికీలు ఇంకా చిన్నవి. చలిగాలి రాకుండా లొరెట్టా తల్లి క్లారా గోడల సందులకి పత్రికల కాగితాలు అంటించేదట. వాటిలో సినిమా తార లొరెట్టా యంగ్ బొమ్మ ఒకటి ఉండేది, ఆ పేరే బిడ్డకి పెట్టింది. నాన్న గోడలు తడిమి చూశాడు. "మనకి కంపెనీ క్వార్టర్‌లో కనీసం ఇటుక గోడలుండె," అన్నాడు. తర్వాత ఆ పాట గురించి అడిగాడు. తండ్రి రాత్రంతా వ్యాన్ లియర్ బాయిలో పని చేసి, పగలంతా మొక్కజొన్న చేను తవ్వేవాడని ఉందని చెప్పాను. నాన్న కాసేపు ఆలోచించి, "మరి పండుకునేదెప్పుడు?" అన్నాడు. ఇన్నేళ్లుగా వింటున్నా నాకు తట్టని ప్రశ్న. ఆ తండ్రి, టెడ్ వెబ్, ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ముతో బాధపడుతూ, 1959లో, యాభై దాటీ దాటకుండానే పోయాడు. అప్పటికి కూతురు ఒక్క రికార్డు కూడా చేయలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. లొరెట్టాకి పదమూడో ఏట పెళ్లయిందని లోకమంతా నమ్మింది, ఆవిడ ఆత్మకథలో, దాని మీద తీసిన సినిమాలో అదే ఉంది. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్లు రికార్డులు తీయిస్తే, పుట్టింది 1932 ఏప్రిల్ 14న అని తేలింది. అంటే 1948 జనవరిలో పెళ్లినాటికి పదిహేనేళ్లు. ఆ రెండేళ్ల తేడాకి అమెరికాలో పెద్ద చర్చే నడిచింది. మా అమ్మమ్మ పెళ్లికి పదమూడో పద్నాలుగో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. వయసు తగ్గించి చెప్పుకోవడం పాటల వ్యాపారంలో మామూలే, అది నాకు పెద్ద తప్పుగా తోచలేదు.

మొగుడు ఆలివర్ లిన్‌ని అందరూ డూ అంటారు. పెళ్లైన ఏడాది తిరక్కముందే దేశానికి ఆ మూల, కెనడా సరిహద్దు పక్కన, వాషింగ్టన్ రాష్ట్రంలోని కస్టర్‌కి తీసుకెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి నలుగురు పిల్లలు. పదిహేడు డాలర్లు పెట్టి హార్మొనీ గిటార్ కొనిచ్చింది ఆయనే. తాగి గొడవ చేసిందీ, వేరే ఆడవాళ్ల వెంట పడిందీ ఆయనే. ఆమె పాటలకి సగం సరుకు ఈయన దగ్గర్నుంచే వచ్చింది.

శనివారం రాత్రి, నాష్‌విల్

దారిలో గడియారం ఒక గంట వెనక్కి జరిగింది, అదే మమ్మల్ని కాపాడింది. లేకపోతే ఓప్రీ షోకి అందేవాళ్లం కాదు.

గ్రాండ్ ఓల్ ఓప్రీ 1925లో మొదలైన రేడియో కార్యక్రమం, ఇప్పటికీ లైవ్‌గా డబ్ల్యూఎస్ఎం అనే రేడియో స్టేషన్‌లో వస్తుంది. బుచర్ హాలర్‌లో వెబ్ వాళ్లు శనివారం రాత్రి బ్యాటరీ రేడియో చుట్టూ కూర్చుని విన్నది దీన్నే. టికెట్లు ఇద్దరికీ నూట ఇరవై దాకా అయ్యాయి. ఒక్కో గాయకుడూ రెండు మూడు పాటలు పాడి వెళ్లిపోతాడు, మధ్యలో అనౌన్సర్ స్టేజీ మీదే నిలబడి స్పాన్సర్ల ప్రకటనలు చదువుతాడు. నాన్నకి నచ్చింది ఆ అనౌన్సరే. ఆకాశవాణిలా ఉందన్నాడు. ఫిడేలు వాయించినప్పుడల్లా తల ఊపాడు, మెరుపుల చొక్కా వేసుకున్న కుర్రాడు పాడినప్పుడు కునుకు తీశాడు.

లొరెట్టా మొదటిసారి ఓప్రీలో పాడింది 1960 అక్టోబరులో. అంతకు ముందు వేసవంతా ఆవిడా డూ కలిసి, కెనడాలోని జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వేసిన మొదటి రికార్డుని కార్లో పెట్టుకుని, ఊరూరా రేడియో స్టేషన్ తలుపు తట్టారు. కార్లోనే నిద్ర, బ్రెడ్డు ముక్కలే భోజనం. పిల్లల్ని బంధువుల దగ్గర వదిలేశారు. ఆ పాట పేరు ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్. బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో 14వ స్థానం దాకా వెళ్లింది. పెద్ద మ్యూజిక్ కంపెనీల ఆసరా లేకుండా ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

షో అయ్యాక బ్రాడ్‌వే వీధికి వెళ్లాం. వీధి పొడవునా బార్లు, ప్రతి కిటికీలోంచీ ఒక బ్యాండు. పెళ్లికి ముందు ఆడపిల్లల గుంపులు తెల్ల టోపీలు పెట్టుకుని ట్రాక్టర్ లాగే బండ్లమీద అరుచుకుంటూ పోతున్నాయి. నాన్న వాళ్లకీ రెండు చేతులూ ఊపాడు. పార్కింగ్‌కి నలభై డాలర్లు గుంజారు. ఈ ట్రిప్పులో నాకు మనసు చివుక్కుమన్న ఖర్చు అదొక్కటే.

ఆదివారం, రైమన్

1943 నుంచి 1974 దాకా ఓప్రీ జరిగింది రైమన్ ఆడిటోరియంలో. అంతకుముందు అది ప్రార్థనా మందిరం, ఇప్పటికీ చర్చి బల్లలే ఉన్నాయి. ఏసీ లేని రోజుల్లో ఎండాకాలం ఇక్కడ ఎలా పాడారో తెలీదు. నాన్న బల్ల మీద కూర్చుని వీపు ఆనించి, మూడు గంటలు కూర్చోలేమన్నాడు. అది నిజమే.

దగ్గర్లోనే, 417 బ్రాడ్‌వేలో ఎర్నెస్ట్ టబ్ రికార్డ్ షాపు నడిచిన బిల్డింగ్ ఉంది. ఓప్రీ అయిపోయాక అర్ధరాత్రి ఆ షాపులోంచి ఇంకో రేడియో షో వచ్చేది. 1961లో పేరున్న కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ కారు ప్రమాదంలో దెబ్బలు తిని ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని లొరెట్టా ఈ షోలో ప్యాట్సీ పాటే పాడి ఆమెకి అంకితమిచ్చింది. ప్యాట్సీ మంచం మీంచి విని, ఆ పిల్లని తీసుకురమ్మని మొగుణ్ని పంపింది. అప్పటి నుంచీ ప్యాట్సీ ఆమెకి బట్టలిచ్చింది, మేకప్ నేర్పింది, మొగుడికి ఎదురు చెప్పడం కూడా నేర్పింది.

మధ్యాహ్నం హాట్ చికెన్. తెల్ల బ్రెడ్డు ముక్క మీద ఎర్రగా నూనె కారుతున్న కోడి ముక్క, పైన పచ్చళ్ల దోసకాయ చక్రాలు. కారం ఎంత కావాలని అడిగితే నాన్న గోడ మీద బోర్డులో అన్నిటికంటే కింద ఉన్నది చూపించాడు. కౌంటర్ కుర్రాడు "సర్, ఆర్ యూ ష్యూర్?" అని రెండుసార్లు అడిగాడు. నాన్న తిన్నాడు. చెమటలు పట్టాయి, చెవులు ఎర్రబడ్డాయి, ఆపలేదు. చివర్లో "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

సోమవారం, హరికేన్ మిల్స్

నాష్‌విల్‌కి పడమరగా గంటంబావు. 1966లో లొరెట్టా, డూ కొన్న పల్లెటూరు, అక్షరాలా ఊరు మొత్తం. స్తంభాలున్న తెల్ల భవనం, పాత పిండిమిల్లు, వాగు, గుర్రాల మైదానం. ఏటా వేసవిలో ఇక్కడ జాతీయ స్థాయి మోటోక్రాస్ పోటీలు కూడా జరుగుతాయి. లొరెట్టా కంటే ఆ బైకుల వల్లే ఈ ఊరు తెలిసిన కుర్రాళ్లు చాలామంది. 2021 ఆగస్టులో ఒక్క రోజు కురిసిన వానకి ఈ కౌంటీలో 20 మంది చనిపోయారు, వాళ్లలో ఈ రాంచ్‌లో పనిచేసే మేస్త్రీ ఒకరు. చెట్ల మొదళ్లలో ఇరుక్కున్న రేకులు వాగు ఒడ్డున ఇంకా కనిపిస్తున్నాయి.

మ్యూజియంలో గౌన్లే గౌన్లు. నేల దాకా జీరాడే, కుచ్చుల మీద కుచ్చులున్న గౌన్లు. అవార్డులు, ఉత్తరాలు, టూర్ బస్సు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ (సీఎంఏ) ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అయిన మొదటి మహిళ ఆవిడే. 2013లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది. ఇవన్నీ త్వరగానే దాటేశాను. నన్ను ఆపింది పాటల వెనక కథలు. ఒకసారి షోకి ముందు ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చి, నా మొగుడు ముందు వరసలో ఇంకొకత్తితో కూర్చున్నాడని చెప్పిందట. లొరెట్టా తెర సందులోంచి ఆ రెండోదాన్ని చూసి, 'అదా? నీ మొగుణ్ని లాక్కునేంత సీను దానికి లేదు' అన్న అర్థం వచ్చే మాట అని, లోపలికెళ్లి ఆ మాటనే పాట చేసింది. 1966లో అది హిట్టు. మరుసటేడు తాగొచ్చి మంచం ఎక్కొద్దని మొగుడికి చెప్పే పాట మొదటిసారి నంబర్ వన్ అయింది. మన వైపు ఇవన్నీ బోరింగు దగ్గర చెప్పుకునే ముచ్చట్లు. ఆవిడ వాటికి గిటార్ తగిలించింది, అంతే తేడా.

ఇక బుచర్ హాలర్ ఇల్లు. ఇక్కడ దాని నకలు కట్టారు. పక్కనే బొగ్గుబాయి నకలు కూడా. అసలు ఇల్లు చూసొచ్చిన కంటికి ఈ ఇల్లు మరీ శుభ్రంగా కనిపించింది. నాన్న బాయిలోకి నడిచాడు. చల్లగా, చీకటిగా ఉంది, రికార్డు చేసిన గొంతు ఏదో వివరిస్తోంది. నాన్న అదేమీ పట్టించుకోకుండా ఒక దిమ్మె దగ్గర ఆగాడు. అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాడు. దిమ్మెకీ దిమ్మెకీ మధ్య దూరాన్ని అడుగులతో కొలిచాడు. పైన దిమ్మెకీ కప్పుకీ మధ్య కొట్టే చెక్క మేకు కోసం వెతికాడు, అది లేదు. నా గొడుగు తీసుకుని, దాని పిడితో పైకప్పు మీద మూడుచోట్ల కొట్టాడు. మూడుచోట్లా బోలుగా మోగింది.

"ఈ బాయిలో నేనైతే ఎవర్నీ దిగనియ్య," అన్నాడు.

వెనకాల నిలబడ్డ ఓ కుటుంబం, ఆయనేమన్నాడని నన్ను అడిగింది. చెప్పాను. వాళ్ల తాతగారు వెస్ట్ వర్జీనియా బాయిల్లో చేశారట. వాళ్ల చిన్నవాడు గొడుగు అడిగి తీసుకుని తనూ కొట్టి చూశాడు. నాన్న వాడికి చెవి ఎక్కడ పెట్టి వినాలో చూపించాడు. వెనక లైను పెరిగిపోయింది, అయినా ఎవరూ తొందరపెట్టలేదు.

బయటికొచ్చాక, బీదరికాన్ని ఇలా టికెట్టు పెట్టి చూపించడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉందన్నాను. నాన్నకి ఆ ఇబ్బంది లేదు. "కంపెనీ చూపిస్తే తప్పు. ఇది ఆమె ఇల్లు, ఆమె ఇష్టం" అన్నాడు. నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, ఆ పాట సంగతి గుర్తొచ్చింది. మొదట అది ఇంకా చాలా పొడుగ్గా ఉండేది. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ చరణాలు తీసేయమంటే తీసేసింది, తర్వాత చాలా ఏళ్లు ఆ పోయిన చరణాల గురించి బాధపడింది. ఆ చరణాల్లో పట్టనిదంతా ఇక్కడ కట్టి పెట్టుకుందేమో. 2022 అక్టోబరు 4న ఈ ఊళ్లోనే, నిద్రలో కన్నుమూసింది. తొంభై ఏళ్లు.

క్యామ్డెన్, తిరుగు దారి

హరికేన్ మిల్స్ నుంచి ఇంకాస్త పడమరకి పోతే క్యామ్డెన్. 1963 మార్చి 5న ప్యాట్సీ క్లైన్ విమానం ఆ అడవిలోనే కూలింది. మట్టిదారి దిగి వెళ్తే ఒక రాయి ఉంది. అక్కడ ఎవరో నాణేలు, ప్లాస్టిక్ పూలు పెట్టి వెళ్లారు. మరుసటేడు లొరెట్టాకి కవలలు పుడితే ఒకరికి ప్యాట్సీ అనే పేరు పెట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ది పిల్ పెట్టాను. ఈ పాట ఆవిడ రాసింది కాదు, వేరేవాళ్లు రాశారు. 1972లో రికార్డు చేసినా 1975 దాకా కంపెనీ విడుదల చేయలేదు, చేశాక చాలా రేడియో స్టేషన్లు వేయం పొమ్మన్నాయి. అయినా కంట్రీ జాబితాలో ఐదో స్థానానికి వెళ్లింది. అర్థమేంటని నాన్న అడిగాడు. కాస్త సర్దుకుని, ఏటా కాన్పులతో విసిగిపోయిన ఆడమనిషి, ఇప్పుడు మాత్రలొచ్చాయి, ఇక నీ ఆటలు సాగవని మొగుడికి చెప్తోందన్నాను. మేం ఐదుగురం. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాడు. పాట అయిపోయాక, "మీ అమ్మకి వినిపించినవా?" అన్నాడు.

లేదన్నాను.

"వినిపియ్యి. అర్థం కూడా చెప్పు. నేను లేనప్పుడు."